భవనానికి శిక్ష, నిర్ణయానికి క్షమ

2014 ఏప్రిల్‌లో గ్లాస్గో నగరం ఒక ప్రకటన చేసింది. ఆ జులైలో అక్కడ కామన్వెల్త్ క్రీడలు. ప్రారంభోత్సవం జరుగుతుండగానే, ఊరికి ఈశాన్యాన ఉన్న రెడ్ రోడ్ ఫ్లాట్లలో ఐదు టవర్లని పేల్చి పడగొడతామన్నారు. పదిహేను సెకన్ల ఆ దృశ్యాన్ని స్టేడియంలో పెద్ద తెర మీదా, ప్రపంచమంతటా టీవీల్లోనూ ప్రత్యక్షంగా చూపిస్తామన్నారు. పాత గ్లాస్గో పోయి కొత్తది వస్తోందని చెప్పడానికి ఇంతకంటే మంచి గుర్తు దొరకదనుకున్నారు నిర్వాహకులు. ఆరో టవర్‌ని మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచుతామన్నారు. అందులో ఇంకా మనుషులున్నారు మరి. ఇతర దేశాల నుంచి ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు. అంటే పక్కనున్న ఐదూ పనికిరావని ప్రపంచానికి పండగలా చూపించి, అలాంటిదే ఆరోది వీళ్లకి చాలన్నమాట.

జనం ఊరుకోలేదు. వేలమంది సంతకాలు పెట్టారు. పది రోజుల్లో నిర్వాహకులు భద్రత కారణం చూపించి వెనక్కి తగ్గారు. మరుసటి ఏడు అక్టోబరులో, క్రీడల హడావుడి ఏమీ లేకుండా, మిగిలిన ఆరింటినీ పేల్చారు. రెండు టవర్లు పూర్తిగా పడలేదు. సగంలో ఆగి వంకరగా నిలబడిపోయాయి.

అప్పట్లో చర్చంతా మర్యాద చుట్టూ తిరిగింది. ఒకరి ఇల్లు కూలడం ఇంకొకరికి వినోదమా అని. సరైన ప్రశ్నే. కానీ నా అభ్యంతరం అక్కడితో ఆగదు. చాటుగా కూల్చినా ఆ కూల్చివేత చెప్పే మాట అదే: తప్పు భవనానిది, పడగొట్టాం, పీడ విరగడైంది. దాన్ని కట్టాలన్న నిర్ణయం ఎవరిది, ఎవరిని అడిగి తీసుకున్నారు, ఏ లెక్కలు వేశారు, కట్టాక బాగోగులు ఎవరు చూశారు అన్న ప్రశ్నలన్నీ శిథిలాలతో పాటు లారీలెక్కి వెళ్లిపోతాయి. గ్లాస్గోలో ఈ పని రెండుసార్లు జరిగింది. మొదటిసారి రాతి టెనెమెంట్లకి, రెండోసారి వాటి స్థానంలో లేచిన టవర్లకి. రెండుసార్లూ సామాన్లు సర్దుకుని బయటికి నడిచింది ఒకే వర్గం జనం.

ఈ వ్యాసం ఇద్దరితో తగవు. ఒకరు, మనలో చాలామందిలాగా ఫోన్‌లో బ్రూటలిజం ఫొటోలు దాచుకునేవాళ్లు. మబ్బు పట్టిన ఆకాశం, కింద గరుకు కాంక్రీటు, మనుషులెవరూ లేని కారిడార్. రెండోవాళ్లు, "మోడర్నిజం విఫలమైంది" అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లు. వీళ్ల చేతిలో ఎప్పుడూ సెయింట్ లూయిస్‌లోని ప్రూట్-ఐగో ఫొటో ఉంటుంది. 1972లో ఆ బ్లాకుల్ని కూల్చడంతో ఆధునిక వాస్తుకళ చచ్చిపోయిందని చార్లెస్ జెంక్స్ ప్రకటించినప్పటి నుంచీ ఆ ఫొటో ఒక మరణ ధ్రువపత్రంలా తిరుగుతోంది. ఒకరికి కాంక్రీటు అందం, ఇంకొకరికి నేరం. ఇద్దరూ చూసేది గోడనే. గోడ వెనక అద్దె రసీదూ, గోడ మీద చెమ్మా, గోడ కట్టించిన ఫైలూ ఇద్దరికీ అక్కర్లేదు.

*

ముందు టెనెమెంట్ల సంగతి. గ్లాస్గో అంటే క్లైడ్ నది, ఆ నది మీద ఓడలు, రైలింజన్లు, ఉక్కు. పందొమ్మిదో శతాబ్దంలో పని కోసం వచ్చినవాళ్లని కుక్కడానికి మూడు నాలుగు అంతస్తుల రాతి భవనాలు కట్టారు. ఒక మెట్లదారి, అంతస్తుకి రెండు మూడు ఇళ్లు. పేదవాళ్ల వాడల్లో ఆ "ఇల్లు" అంటే చాలాసార్లు ఒకటే గది. గోడలోని గూటిలో మంచం, ఆ గదిలోనే పొయ్యి, పిల్లలు, జబ్బు మనిషి. మరుగుదొడ్డి మెట్లమీద, మూడు నాలుగు కుటుంబాలకి కలిపి. క్షయ, ఎలుకలు, బొగ్గు మసి. దీన్ని తలుచుకుని ఎవరైనా "ఆ రోజుల్లో ఇరుగుపొరుగు ఎంత కలివిడిగా ఉండేవారో" అని మురిసిపోతే నాకు ఒళ్లు మండుతుంది. మరుగుదొడ్డి దగ్గర వరసలో నిలబడాల్సిన అవసరం లేనివాడికే ఆ వరసలోని కలివిడితనం కనిపిస్తుంది.

కానీ ఆ దుర్భరతకి కారణం రాయి కాదు. గదికి ఎంతమందిని కుక్కారన్నది కారణం. అద్దె ఎంత గుంజారన్నది కారణం. 1915లో, మొగవాళ్లు యుద్ధంలో ఉండగా యజమానులు అద్దెలు పెంచితే, గోవన్‌లో మేరీ బార్బర్ ముందుండి ఆడవాళ్లని కూడగట్టింది. అద్దెలు కట్టడం మానేశారు. ఖాళీ చేయించడానికి వచ్చిన అధికారుల్ని గుమ్మాల్లో అడ్డుకున్నారు. ఆ ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం అద్దెలకి కళ్లెం వేస్తూ చట్టం తేవాల్సి వచ్చింది. గొప్ప విజయం. అయితే ఆ తర్వాత చాలామంది యజమానులు ఆ ఇళ్ల మీద పెట్టుబడి పెట్టడం మానేశారు. కప్పు కారితే కారనిచ్చారు. బాగు చేసే బాధ్యతని ఎవరూ తలకెత్తుకోకపోవడంతో ఒకప్పటి గట్టి భవనాలు కుళ్లాయి. 1940ల నాటికి వాటిని చూసి "స్లమ్" అన్నారు. స్లమ్ అన్న మాటలో ఒక సౌకర్యం ఉంది. అది రోగాన్ని గోడకి అంటగట్టి, యజమానినీ ప్రభుత్వాన్నీ వదిలేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే నగర ఇంజనీరు రాబర్ట్ బ్రూస్ ఒక ప్రణాళిక ఇచ్చాడు. మురికివాడల్నే కాదు, నడిబొడ్డున ఉన్న నగరాన్ని దాదాపు మొత్తంగా తుడిచి కొత్తగా కట్టాలన్నాడు. సెంట్రల్ రైల్వే స్టేషనూ, మెకింతోష్ కట్టిన స్కూల్ ఆఫ్ ఆర్ట్ కూడా ఆ తుడుపులో పోయేవే. మరుసటి ఏడు ఇంకో ప్రణాళిక వచ్చింది. పాట్రిక్ అబర్‌క్రాంబీ, రాబర్ట్ మాథ్యూ తయారుచేసిన క్లైడ్ లోయ ప్రాంతీయ ప్రణాళిక. గ్లాస్గోలో జనం మరీ ఎక్కువగా ఉన్నారు, లక్షల్లో బయటికి పంపాలి, వాళ్లకోసం కొత్త పట్టణాలు కట్టాలి అంది. నగర కార్పొరేషన్‌కి జనాన్ని వదులుకోవడం ఇష్టం లేదు. జనం పోతే పన్నులు పోతాయి, ఓట్లు పోతాయి, పరపతి పోతుంది. ఎడిన్‌బరాలోని స్కాటిష్ ఆఫీసుకి జనాన్ని పంపించడమే కావాలి. ఏళ్ల తరబడి కొట్లాడుకుని చివరికి రెండూ కొంత కొంత చేశారు. ఈస్ట్ కిల్‌బ్రైడ్, కంబర్నాల్డ్ లాంటి కొత్త పట్టణాలూ వచ్చాయి. ఊరి అంచుల్లో ఈస్టర్‌హౌస్, డ్రమ్‌చాపెల్, కాసిల్‌మిల్క్ లాంటి పెద్ద పెద్ద కాలనీలూ వచ్చాయి. ఊరి లోపల టవర్లూ లేచాయి. ఇంత పెద్ద తగాదాలో రెండు పక్షాలూ అడగనిది ఒక్కటే: ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు ఏమంటున్నారు?

1957లో నగరం 29 ప్రాంతాలని "సమగ్ర అభివృద్ధి ప్రాంతాలు" అని గుర్తించింది. సమగ్రం అంటే రోడ్లతో, బళ్లతో, కొట్లతో సహా మొత్తం చెరిపేసి మళ్లీ గీయడం. మొదటి వంతు గోర్బల్స్ పక్కనున్న హచిసన్‌టౌన్‌ది. అక్కడ దాదాపు 27 వేలమంది ఉండేవారు. కొత్త ప్రణాళికలో పది వేలమందికే చోటు. నాలుగు వందలకి పైగా ఉన్న దుకాణాలు అరవైలోపుకి దిగాయి. పబ్బులు నలభై ఎనిమిది నుంచి తొమ్మిదికి. పబ్బులు తగ్గితే మంచిదేగా అనేవాళ్లు ఉంటారు. దుకాణాల లెక్క చూడండి. చెప్పులు కుట్టే మనిషి, అరువిచ్చే కిరాణా కొట్టు, ఇంట్లో కుట్టిన బట్ట అమ్మిపెట్టే చోటు, బడి నుంచి వచ్చిన పిల్లల మీద ఓ కన్నేసి ఉంచే కొట్టు యజమానురాలు. ఇవేవీ ప్రణాళికలో ఇళ్ల సంఖ్య కింద రావు. రాని వాటికి విలువ సున్నా.

*

టవర్లు ఎందుకు కట్టారంటే లె కార్బూజియే పేరు చెప్పి ఊరుకుంటారు చాలామంది. అది సాహిత్యం చదివేవాళ్ల రోగం. ప్రతిదానికీ వెనక ఒక పుస్తకమో ఒక మహానుభావుడో ఉండాలి మనకి. నిజానికి పుస్తకాలకంటే లెక్కల పుస్తకాలు ఎక్కువ పనిచేశాయి. ఊరి చుట్టూ గ్రీన్ బెల్ట్ పెట్టి విస్తరణని ఆపారు. లోపల ఖాళీ స్థలం తక్కువ. 1956 చట్టంతో ఇంగ్లండ్‌లో అంతస్తులు పెరిగేకొద్దీ ఇంటికి దక్కే సబ్సిడీ పెరిగింది. ఆ అదనపు సొమ్ము 1967 దాకా నడిచింది. గోడల పలకల్ని ఫ్యాక్టరీలో పోసి తెచ్చి నిలబెట్టే పద్ధతుల్ని పెద్ద కాంట్రాక్టు కంపెనీలు పట్టుకొచ్చి, ఫలానా నెలకి ఫలానా సంఖ్యలో ఇళ్లు అప్పజెబుతామన్నాయి. సంఖ్య కావాల్సినవాళ్లకి సంఖ్య దొరికింది.

సంఖ్య కావాల్సినవాళ్లంతా దుర్మార్గులు కాదు. 1961 నుంచి గ్లాస్గో గృహనిర్మాణ కమిటీకి నాయకత్వం వహించిన డేవిడ్ గిబ్సన్ నిజాయితీగల సోషలిస్టు. ఒక్క గదిలో మగ్గే కుటుంబాలని తలుచుకుంటే నిద్రపట్టని మనిషి. ఎక్కడ జాగా కనిపిస్తే అక్కడ టవర్ కట్టించాడు. 1964లో పదవిలో ఉండగానే చనిపోయాడు. ఆండ్రూ ఓహేగన్ 1999లో రాసిన "అవర్ ఫాదర్స్" నవల చదివినవాళ్లకి ఈ తరహా మనిషి తెలుసు. జీవితమంతా టవర్లు కట్టించిన తాత తను నమ్మిన టవర్లోనే చావుకి దగ్గరపడుతుంటాడు. మనవడి ఉద్యోగం అలాంటివాటిని కూల్చడం. ఆ నవల గొప్పతనమంతా ఆ తాతని వెక్కిరించకపోవడంలో ఉంది. నేనూ గిబ్సన్‌ని వెక్కిరించను. ఆయన తొందర న్యాయమైనదే. కానీ న్యాయమైన తొందరలో తీసుకున్న నిర్ణయానికి కూడా జవాబుదారీ ఉండాలి.

రెడ్ రోడ్ ఆ తొందరలో పుట్టిందే. శామ్ బంటన్ రూపకల్పన. ఎనిమిది భవనాలు, కొన్ని 31 అంతస్తులవి, అప్పట్లో యూరప్‌లోకెల్లా ఎత్తైన నివాస భవనాల్లో లెక్క. 4,700 మందికి ఇళ్లు. ఉక్కు చట్రం, దానికి నిప్పంటకుండా ఆస్బెస్టాస్. 1966లో మొదటి కుటుంబాలు దిగినప్పుడు చాలామంది సంతోషించారన్నది దాచకూడని నిజం. సొంత బాత్రూము, కుళాయిలో వేడినీళ్లు, పిల్లలకి వేరే గది, కిటికీలోంచి కొండలు. ఒక్క గదిలోంచి వచ్చినవాళ్లకి అది స్వర్గమే. కష్టాలు తర్వాత మొదలయ్యాయి. లిఫ్టులు చాలేవి కావు, ఉన్నవి ఆగిపోయేవి. పిల్లలు ముప్ఫయ్యో అంతస్తు నుంచి కిందికి దిగితే తల్లికి కనపడరు. టెనెమెంట్ వెనక పెరట్లో ఆడుకునే పిల్లలకి అమ్మలు కిటికీలోంచి జామ్ రాసిన రొట్టె విసిరేవారు. ఇరవయ్యో అంతస్తు నుంచి అది కుదరదు కదా అని ఆడమ్ మెక్‌నాటన్ అనే టీచరు 1960లలో పాట కట్టాడు. గ్లాస్గో పిల్లలు ఇప్పటికీ పాడతారు. నగర ప్రణాళిక మీద అంత సూటైన విమర్శ ఏ నివేదికలోనూ లేదు.

లిఫ్టు బాగుచేయించడం, కాపలా మనిషిని పెట్టడం, ఆటస్థలం వేయడం భవన నిర్మాణ శైలికి సంబంధించిన విషయాలు కావు. నెలనెలా పెట్టాల్సిన ఖర్చులు. టవర్ కట్టడానికి డబ్బు, రిబ్బను, ఫొటో అన్నీ ఉంటాయి. దాన్ని నలభై ఏళ్లు నడపడానికి పెట్టే డబ్బుకి రిబ్బను ఉండదు.

దీనికి అసలైన ఉదాహరణ రెడ్ రోడ్ కంటే హచిసన్‌టౌన్-ఇ. ట్రాకోబా అనే ఫ్రెంచ్ పద్ధతిలో కాంక్రీటు పలకలు నిలబెట్టి 1970 ప్రాంతంలో కట్టారు. జనం దిగిన కొన్నాళ్లకే గోడలు చెమ్మగిల్లాయి. బూజు పట్టింది. బట్టలు, పరుపులు కుళ్లాయి. పిల్లలకి ఛాతీ జబ్బులు. ఫిర్యాదు చేస్తే కౌన్సిల్ నుంచి వచ్చిన జవాబు: ఇది చెమ్మ కాదు, మీ ఆవిరి. వంట చేసేప్పుడు కిటికీలు తెరవండి, ఇల్లు వెచ్చగా ఉంచుకోండి. ఇల్లు వెచ్చగా ఉంచాలంటే కరెంటు బిల్లు కట్టాలి, ఆ బిల్లు వాళ్ల అద్దెతో పోటీ పడేది. 1975 నుంచి అద్దెకున్నవాళ్లు సంఘం పెట్టి పోరాడారు. సొంతంగా రుజువులు పోగేశారు, అద్దెలు ఆపారు, కోర్టుల దాకా వెళ్లారు. 1980ల మొదట్లో ఆ భవనాలు ఖాళీ. 1987లో నేలమట్టం. జనం ఆ కాలనీకి పెట్టుకున్న పేరు "డాంపీస్", అంటే చెమ్మకొంపలు. తప్పు భవనానిదని కౌన్సిల్ చివరికి ఒప్పుకుంది. పదేళ్లపాటు తప్పు మీదేనని తల్లులకి చెప్పిన అధికారుల సంగతి ఎక్కడా తేలలేదు. కూల్చివేతలోని కిటుకు అదే. గోడతో పాటు ఉత్తరప్రత్యుత్తరాలూ పోతాయి.

దాని పక్కనే బేసిల్ స్పెన్స్ కట్టిన క్వీన్ ఎలిజబెత్ స్క్వేర్ ఉండేది. కోవెంట్రీ కెథడ్రల్ కట్టిన పెద్ద ఆర్కిటెక్టు. బాల్కనీల్లో వేలాడే తోటలుంటాయన్నాడు. 1961లో రాణి శంకుస్థాపన చేసింది. 1993లో పేల్చేశారు. చూడ్డానికి వచ్చిన జనంలో ఒక స్త్రీ శిథిలాల దెబ్బకి చనిపోయింది. ఆ తర్వాత కూడా, 2014లో, కూల్చివేతని టీవీలో పండగలా చూపించాలన్న ఆలోచన ఆ నగరానికి ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు.

*

ఇంతకీ ఇందులో పోయింది ఏమిటి? భవనాలేనా? 1951లో దాదాపు 11 లక్షలున్న గ్లాస్గో జనాభా 2001కి ఆరు లక్షల లోపుకి వచ్చింది. ఓడల పరిశ్రమ కుప్పకూలడం ఒక కారణం, సరిహద్దుల మార్పులూ కొంత. కానీ ఎవరు వెళ్లారన్నది ముఖ్యం. కొత్త పట్టణాలకి ఫ్యాక్టరీలు కూడా పంపారు కాబట్టి అక్కడికి తీసుకెళ్లింది ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లని, పని వచ్చినవాళ్లని, చిన్న పిల్లలున్న కుటుంబాలని. ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, పని లేనివాళ్లు ఊళ్లో మిగిలారు. ఇలా జరుగుతోందని ప్రభుత్వానికి తెలుసు. 1971లో స్కాటిష్ ఆఫీసులో తిరిగిన ఒక అంతర్గత పత్రం పేరే "గ్లాస్గో సంక్షోభం". తెలిసీ ఆ విధానాన్ని చాలాకాలం కొనసాగించారు.

దీని ఖరీదు తర్వాత తెలిసింది. గ్లాస్గో, లివర్‌పూల్, మాంచెస్టర్ మూడూ పాత పారిశ్రామిక నగరాలు. పేదరికం లెక్కల్లో దాదాపు సమానం. అయినా 65 ఏళ్లు రాకుండా చనిపోయేవాళ్లు గ్లాస్గోలో 30 శాతం ఎక్కువ అని 2010లో పరిశోధకులు తేల్చారు. దానికి "గ్లాస్గో ఎఫెక్ట్" అని పేరు కూడా పడింది. తాగుడు అన్నారు, తిండి అన్నారు, వాతావరణం అన్నారు. 2016లో గ్లాస్గో సెంటర్ ఫర్ పాపులేషన్ హెల్త్, ఎన్‌హెచ్‌ఎస్ హెల్త్ స్కాట్లండ్‌ల వాళ్లు కలిసి ఆధారాలన్నీ ముందేసుకుని చూసి, అనేక కారణాల్లో ఈ ప్రణాళికా నిర్ణయాల్ని కూడా చేర్చారు. ఎంచి ఎంచి జనాన్ని బయటికి పంపడం, మిగతా నగరాలకంటే పెద్ద ఎత్తున వాడల్ని తుడిచేయడం, అంచుల్లో పెద్ద కాలనీలు, మరమ్మతులకి తక్కువ ఖర్చు. ఇదొక్కటే కారణమని వాళ్లనలేదు, నేనూ అనను. కానీ గదిలో బల్ల మీద గీసిన గీతకీ ఒక మనిషి యాభై ఎనిమిదో ఏట చనిపోవడానికీ సంబంధం ఉండొచ్చని ఆరోగ్య పరిశోధకులు రాసిపెట్టాక, "విఫలమైన శైలి" అంటూ ఆర్కిటెక్చర్ కబుర్లు చెప్పుకోవడం సిగ్గుచేటు.

"మరి ఏం చేయమంటావు? జనం ఎలుకల మధ్య ఉంటే మీటింగులు పెట్టుకుంటూ కూర్చోవాలా?" ఇది గట్టి ప్రశ్న. దీనికి జవాబు ఆ ఊళ్లోనే ఉంది. 1970ల మొదట్లో గోవన్‌లో రేమండ్ యంగ్ అనే కుర్ర ఆర్కిటెక్టూ అతని సావాసగాళ్లూ "అసిస్ట్" అని ఒక చిన్న ఆఫీసు తెరిచారు. వాడ మధ్యలోనే. కూల్చాల్సిన జాబితాలో ఉండే తరహా టెనెమెంట్లోకి వెళ్లి, ఉన్నవాళ్లని అడిగి, గోడలో మంచం పెట్టుకునే గూటిని బాత్రూముగా మార్చారు. 1972లో మొదటి బాత్రూము తయారైంది. వాడ జనమే సంఘాలుగా ఏర్పడి ఒక్కో మెట్లదారినీ బాగు చేయించుకున్నారు. 1974 హౌసింగ్ చట్టంతో అలాంటి సంఘాలకి ప్రభుత్వ డబ్బు అందింది. తర్వాతి పదేళ్లలో గ్లాస్గోలో వేల ఇళ్లు ఇలా నిలబడ్డాయి. రాతి మీది నూరేళ్ల మసి కడిగితే కింద తేనె రంగు, ఎరుపు బయటపడ్డాయి. ఇవాళ ఆ ఊరి గురించి పర్యాటకుల పుస్తకాల్లో మెచ్చుకునేది ఆ టెనెమెంట్లనే. అంటే రాయిది తప్పు కాదు.

కాంక్రీటుదీ కాదు. షెఫీల్డ్‌లో పార్క్ హిల్ చూడండి. అదీ ఉక్కు నగరమే. 1961లో పూర్తయిన దాదాపు వెయ్యి ఫ్లాట్ల కాంక్రీటు కాలనీ, అంతా కౌన్సిల్ అద్దె ఇళ్లు. పట్టించుకోక పాడుబడింది. 1998లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించారు. కాబట్టి కూల్చలేకపోయారు. ఒక ప్రైవేటు డెవలపర్ కంపెనీ తీసుకుని రంగులేసి బాగుచేసి, చాలావరకు అమ్మకానికి పెట్టింది. ఇప్పుడది కోరుకునే చిరునామా. దాని మీద ఒక మ్యూజికల్ నాటకం కూడా వచ్చి లండన్‌లో అవార్డులు గెలుచుకుంది. అదే చట్రం, అదే ఎత్తు, అవే కారిడార్లు. మారింది మరమ్మతుల బడ్జెట్టు, లోపలుండే మనుషుల జీతం. పేదవాళ్లుంటే విఫల ప్రయోగం, ఉన్నవాళ్లుంటే వారసత్వం. ఫోన్‌లో మనం దాచుకునే ఫొటోలు చాలావరకు రెండో దశలోవే. మొదటి దశలో అక్కడున్నవాళ్లు ఎక్కడికి వెళ్లారని ఫొటో కింద ఎవరూ రాయరు.

ఇదంతా 1945లో ఎవరికీ తెలియని జ్ఞానమేమీ కాదు. స్కాట్లండ్‌కే చెందిన పాట్రిక్ గెడ్డెస్ అప్పటికి అరవై ఏళ్ల ముందే, 1880లలో, భార్య అన్నాతో కలిసి ఎడిన్‌బరా పాతబస్తీ టెనెమెంట్లో కాపురం పెట్టాడు. ఇరుగుపొరుగుతో కలిసి సున్నాలేసి, గదులు బాగుచేసి, ఇరుకు సందుల్లో తోటలు వేశాడు. 1914లో మద్రాసు వచ్చాడు. మన కోస్తా, రాయలసీమ కూడా కలిసి ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఊళ్లు తిరిగి 1915లో నివేదికలు రాశాడు. తంజావూరు, బళ్లారి వాటిలో ఉన్నాయి. ఇరుకు పేటలకి అడ్డంగా తిన్నని రోడ్లు కొట్టేయాలన్న ఇంజనీర్లతో గొడవపడ్డాడు. ముందు తిరిగి చూడండి, ఆ తర్వాత గీయండన్నాడు. ఎక్కడో ఒక పాడుబడ్డ ఇల్లు తీసి, ఒక సందుని కొంచెం వెడల్పు చేసి, బావి దగ్గర నీడ కల్పిస్తే చాలన్నాడు. దీనికాయన పెట్టిన పేరు "కన్సర్వేటివ్ సర్జరీ". అవయవం తీసేయకుండా రోగం తీయడం. ఖర్చూ తక్కువే అని లెక్కగట్టి చూపించాడు. ఆ భారతీయ నివేదికలని జాక్వెలిన్ టైర్విట్ ఏర్చి కూర్చి పుస్తకంగా తెచ్చింది 1947లో. అంటే గ్లాస్గో తన తుడుపు ప్రణాళికల్ని చర్చించుకుంటున్న రోజుల్లోనే. తన సొంత దేశస్థుడు మన పేటల్లో నేర్చి రాసినది ఆ నగరానికి అందుబాటులోనే ఉంది. చదవకపోవడం కూడా ఒక నిర్ణయమే.

*

సరే, గతం గతః అందామంటే కుదరదు. 2023 నవంబరులో గ్లాస్గో నగరం "హౌసింగ్ ఎమర్జెన్సీ" ప్రకటించింది. ఉండడానికి ఇళ్లు లేక వేలమంది తాత్కాలిక వసతుల్లో ఉన్నారని. 2025 మార్చిలో అదే ఊళ్లో, మేరీహిల్‌లోని విండ్‌ఫర్డ్ కాలనీలో మూడు టవర్లని పేల్చి పడగొట్టారు. అక్కడి జనంలో కొందరు మూడు నాలుగేళ్లు పోరాడారు, కోర్టుకి వెళ్లారు, బాగుచేసుకోవచ్చని నిపుణుల చేత రాయించారు. ఇళ్ల సంస్థ వాదన వాళ్లదీ ఉంది: అవి చాలావరకు ఇరుకు ఫ్లాట్లు, అద్దెకి ఎవరూ రావడం లేదు, కొత్తవి కడతాం. ఆ వాదన నిజమే కావచ్చు. కానీ ఈ వాక్యాన్ని గ్లాస్గో ఇదివరకు విన్నది. 1957లో టెనెమెంట్ల గురించి, ఇంచుమించు ఇవే మాటల్లో.

నేను అడిగేది కూల్చొద్దని కాదు. కొన్ని భవనాలు కూల్చాల్సిందే. హచిసన్‌టౌన్-ఇ ని నిలబెట్టమని ఎవరూ అడగరు. కూల్చే ముందు నాలుగు విషయాలు బయటపెట్టమంటున్నాను. దీన్ని కట్టాలని ఎవరు నిర్ణయించారు? ఇన్నేళ్లలో మరమ్మతులకి ఏటా ఎంత ఖర్చుపెట్టారు? ఉన్నవాళ్ల ఫిర్యాదులకి ఏం జవాబిచ్చారు? ఖాళీ చేసినవాళ్లలో ఎంతమంది తిరిగి ఇదే చోటికి, ఇదే అద్దెకి వస్తారు? వీటికి కాగితం మీద జవాబులిచ్చాక పేల్చుకోండి.

చదువుకునేవాళ్లుగా మన వంతు కూడా ఒకటుంది. కాంక్రీటుని నిరాశకి ప్రతీకగా వాడేయడం మానాలి. డగ్లస్ స్టూవర్ట్ "షగ్గీ బెయిన్" చదివి సైట్‌హిల్ టవర్లు ఎంత దిగులుగా ఉన్నాయో అనుకుంటే ఆ నవలని సగమే చదివినట్టు. ఆ దిగులు గోడ రంగులో లేదు. గనులు మూసేశాక, ఓడల రేవు మూసేశాక, చేతికి వచ్చే సొమ్ము మద్యానికి పోతే సోమవారం డబ్బులకోసం ఎదురుచూసే ఇంట్లో ఉంది. ఆ ఇంటిని రాతితో కట్టినా, కాంక్రీటుతో కట్టినా, అద్దంతో కట్టినా తేడా ఉండదు. రేపు ఎవరైనా ఒక ప్రాంతం "ముందు – తర్వాత" బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి చూపిస్తే, రెండో బొమ్మ ఎంత అందంగా ఉందో చూసే ముందు, మొదటి బొమ్మలో ఉన్నవాళ్లు రెండో దాంట్లో ఎక్కడున్నారో వెతకండి. కనపడకపోతే, వాళ్ల కొత్త చిరునామా అడగండి.